రన్నింగ్‌ల ఉన్న డేటాబేస్ లాగ్ ఫైల్‌ని డిలీట్ చేయొచ్చా?

లాగ్ ఫైల్, అంటే సర్వర్ తన మెసేజ్‌లు రాసుకునే ఫైల్, 40 జీబీ దాటింది, ఆర్‌ఎం (లైనక్స్‌ల ఫైల్ డిలీట్ చేసే కమాండ్) కొట్టి లేపేస్తే సర్వర్‌కి ఏమన్నా అయితదా అని అడిగిన్రు. సర్వర్‌కి ఏం కాదు, మీకే జాగా రాదు. ఆర్‌ఎం కొడితే పేరు పోతది అంతే, ఆ ఫైల్‌ని ఓపెన్ చేసి పట్టుకున్న ప్రాసెస్ వదిలేదాకా డిస్క్ మీద జాగా అట్లనే ఉంటది. నేమ్ బోర్డు పీకేస్తే కిరాయికున్నోడు ఇల్లు ఖాళీ చేసినట్టా? నాది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ అనుభవం, లైనక్స్‌ల నడిచే మిగతావాటి మెసేజ్ లాగ్‌లకీ లెక్క ఇదే.

గచ్చిబౌలిల ఒక క్లయింట్ దగ్గర, నెలాఖరు, జీతాల బ్యాచ్ నడవాలె. నైట్ షిఫ్ట్ పిల్లగాడు ఫోన్ చేసిండు, "అన్నా, లాగ్ డిలీట్ చేసిన, డీఎఫ్‌ల ఇంకా 100 శాతమే చూపిస్తుంది, డీయూ కొడితే సగం కూడా లేదు" అని. డీఎఫ్ డిస్క్ మొత్తం ఎంత నిండిందో చెప్తది, డీయూ పేరున్న ఫైళ్లనే లెక్కేస్తది. ఎల్‌ఎస్‌ఓఎఫ్ (ఏ ప్రాసెస్ ఏ ఫైల్ పట్టుకుందో చూపించే కమాండ్) కొట్టు, లైన్ చివర డిలీటెడ్ అని ఉంటది చూడమన్న. ఉంది అన్నడు. ఇంతల పక్కకెళ్లి వాళ్ల మేనేజర్ గొంతు, "పీజీ ఎక్స్‌లాగ్ అని ఇంకో పెద్ద ఫోల్డర్ ఉంది, అది కూడా లాగే గదా, లేపెయ్" అని. కీబోర్డ్ మీదికెళ్లి చెయ్యి తియ్‌రా అని అరిసిన. అది జర్నల్ సామీ! ప్రతి మార్పు ముందు ఆ 16 ఎంబీ ముక్కలల్ల పడి, తర్వాతనే టేబుల్ ఫైళ్లలకు పోతది, అది పోతే డేటాబేస్ మళ్ల లేవకపోవచ్చు. ఇట్ల లాగ్ అనుకుని లేపేసేటోళ్లు ఎక్కువైన్రనే 2017ల వచ్చిన వర్షన్ 10ల దాని పేరు పీజీ వాల్ అని మార్చిన్రు.

జాగా ఎట్లొచ్చిందంటే, ప్రాక్ (నడుస్తున్న ప్రాసెస్‌ల వివరాలుండే ఫోల్డర్) కింద ఆ ప్రాసెస్ నంబర్, దాంట్ల ఎఫ్‌డీ (ఓపెన్ చేసి పట్టుకున్న ఫైళ్లు), దాంట్ల 2, అంటే ఎర్రర్ అవుట్‌పుట్. దాన్ని ట్రంకేట్ చేసి సున్నా చేయించిన, డీఎఫ్ టక్కున దిగింది, రీస్టార్ట్ కూడా అవసరం పడలే.

మీరైతే అంతదాకా తెచ్చుకోకున్రి. పోస్ట్‌గ్రెస్ సెట్టింగులల్ల లాగింగ్ కలెక్టర్ ఆన్ చేసి, ఫైల్ పేరుల వారం పేరు (సోమ, మంగళ) వచ్చేటట్టు పెట్టి, రొటేషన్ ఏజ్ ఒక రోజు, ట్రంకేట్ ఆన్ రొటేషన్ ఆన్ పెట్టున్రి, ఏడు ఫైళ్లే తిరుగుతుంటయ్. లాగ్‌లు మార్చే లైనక్స్ టూల్ లాగ్‌రొటేట్‌ల కాపీట్రంకేట్ (కాపీ తీసి అసలు ఫైల్ ఖాళీ చేసుడు) పెట్టుకుంటం అంటే మీ ఇష్టం, కాపీకీ ఖాళీ చేయడానికీ మధ్యల వచ్చిన లైన్లు పోతయ్, పైగా స్టార్ట్ స్క్రిప్ట్‌ల అపెండ్ కాకుండా ఒక్క గ్రేటర్‌దేన్ గుర్తు పెట్టి ఉంటే ఖాళీ చేసినా ఎల్‌ఎస్‌ల పాత సైజే మళ్ల కనిపిస్తది, లోపల అంతా బొక్కలే.

అసలు 40 జీబీ ఎందుకైందో చూసిన్రా? నా మాట నమ్మున్రి, వెండరోడు ఎప్పుడో డీబగ్ కోసమని లాగ్ స్టేట్‌మెంట్ ఆల్ పెట్టి మర్చిపోయి పోయి ఉంటడు, ఒక్కొక్క సెలెక్ట్ కూడా రాసుకుంట కూసుంటది. అమీర్‌పేటల కోర్సులల్ల ఇన్‌స్టాలేషన్ చెప్తరు, జాయిన్లు చెప్తరు, డిస్క్ నిండితే ఏం చేయాలె అని ఒక్కడన్నా చెప్తడా! మేనేజర్లకేమో డిస్క్ పెంచుడు ఒక్కటే తెలుసు. లాగ్‌నీ జర్నల్‌నీ ఒకే పార్టిషన్‌ల పెట్టినోన్ని ముందు నిలదీయాలె, ఎందుకంటే లాగ్ ఉబ్బి జర్నల్‌కి జాగా లేకుండ చేస్తే పోస్ట్‌గ్రెస్ పానిక్ అని రాసి పడిపోతది, అప్పుడు జీతాలు లేవు ఏం లేవు. ఇంకేం మార్చకపోయినా ఈ రెండింటినీ వేరే వేరే డిస్కులల్ల పెట్టున్రి.

జర్నల్ ఫోల్డరే ఉబ్బుతుంటే అది వేరే రోగం. ఆర్కైవ్ కమాండ్ (జర్నల్ ముక్కల్ని వేరే చోటికి కాపీ చేసేది) ఫెయిల్ అయితున్నదేమో, లేదా ఎవరో రెప్లికా (డేటాబేస్ కాపీ నడిచే సర్వర్) తీసేసి, దాని కోసం జర్నల్‌ని ఆపి పెట్టే స్లాట్ వదిలేసిన్రేమో చూడున్రి, వాడని స్లాట్ డ్రాప్ చేస్తే తర్వాతి చెక్‌పాయింట్‌కి (మార్పులన్నీ టేబుల్ ఫైళ్లలకు రాసేసే టైమ్) అదే సర్దుకుంటది. వర్షన్ 13 నుంచి స్లాట్ ఎంత పట్టుకోవచ్చో లిమిట్ పెట్టే సెట్టింగ్ కూడా ఉంది.