పాత కూల్‌డ్రింకు పెట్టె కూలింగ్ యూనిట్‌కు రంగు వేయవచ్చా?

అనంతపురంలో మీ తాతగారి అంగడిలోని పాత కూల్‌డ్రింకు పెట్టె ఇప్పటికీ సీసాలను చల్లబరుస్తోందని, అడుగున ఉన్న యూనిట్ మాత్రం దుమ్ము, తుప్పు పట్టిపోయిందని రాశారు. దాన్ని బయటికి తీసి, శుభ్రం చేసి, నల్ల ఎనామిల్ వేయవచ్చా అని అడిగారు.

వేయవచ్చు. కానీ ఎక్కడ వేయకూడదో ముందు తెలుసుకోవాలి. నేను తెలుసుకోకుండా వేసి ఒక మే నెలంతా అనుభవించాను.

మా మేనమామకు కర్నూలు పాతబస్తీలో సోడా అంగడి ఉండేది. మూత పైకెత్తే ఇనుప పెట్టె, లోపల నీళ్ల తొట్టి, అందులో మెడదాకా మునిగిన గోల్డ్‌స్పాట్, లిమ్కా సీసాలు. ఆ సీసాలు పోయి వేరేవి వచ్చినా పెట్టె మారలేదు. 2009లో గాంధీ జయంతి నాడు తుంగభద్ర, హంద్రీ ఊరి మీదికి వచ్చినప్పుడు అదీ మునిగింది. నీళ్లు తీశాక అడుగు రేకు విప్పితే, వేడిని బయటికి వదిలే కండెన్సర్ రెక్కల మధ్య వండ్రు ఇటుకలా గట్టిపడి ఉంది. గ్యాసును నొక్కి తిప్పే కంప్రెసర్ సీలు వేసిన డబ్బా కాబట్టి లోపలికి చుక్క కూడా పోలేదు; ఫ్యాను మోటారు, కంప్రెసర్‌ను స్టార్టు చేసే రిలే మాత్రం మార్చాల్సి వచ్చింది. ఆ మట్టి వదిలించడానికి రెండు ఆదివారాలు పట్టింది. అంతవరకు బాగానే చేశాను. తర్వాత ఉత్సాహం ఎక్కువై, ఇంటి గేటుకు వేయగా మిగిలిన నల్ల ఎనామిల్‌ను కుంచెతో రెక్కలన్నింటికీ దట్టంగా పట్టించాను. చూడటానికి పెళ్లికొడుకులా తయారైంది.

ఎండాకాలం వచ్చేసరికి అసలు సంగతి బయటపడింది. మధ్యాహ్నం రెండు గంటలకు, కంప్రెసర్ మరీ వేడెక్కితే కరెంటు తెంచే ఓవర్‌లోడ్ స్విచ్చు టిక్కుమని యంత్రం ఆగిపోయేది. పది నిమిషాలకు మళ్లీ మొదలై మళ్లీ ఆగేది. సీసాలు కుండ నీళ్ల చల్లదనం కూడా దాటలేదు. మామ పిలిపించిన మెకానిక్ భాయ్ అడుగున టార్చి వేసి చూసి, "ఏం బాబూ, కర్నూలు ఎండలో దీనికి గొంగళి కప్పావా?" అన్నాడు.

పెట్టెలోంచి గ్యాసు మోసుకొచ్చిన వేడిని బయటి గాలిలోకి వదిలేది ఆ రెక్కలే. మన ఊళ్లలో మే నెల గాలి 43 డిగ్రీలు ఉంటే, దానిలోకి వేడి దిగాలంటే కండెన్సర్‌లోని గ్యాసు 55 డిగ్రీల దగ్గర ఉండాలి. ఇలాంటి పాత పెట్టెల్లో ఉండే ఆర్-12 గ్యాసుకు ఆ వేడి దగ్గర ఒత్తిడి గేజి చదరపు అంగుళానికి సుమారు 180 పౌండ్లు చూపిస్తుంది. రెక్కల సందులు దుమ్ముతోనో రంగుతోనో పూడుకుపోతే గాలి ఆడదు. ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, కంప్రెసర్ మండిపోతుంది, ఓవర్‌లోడ్ దాన్ని ఆపేస్తుంది. ఊటీలో అయితే నా పని ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఎనామిల్‌ను విరిగిన హాక్సా బ్లేడు ముక్కతో ఒక్కో రెక్క సందులోంచి గీకి తీశాను. వేళ్లకు తగిలిన గాట్లు లెక్కపెట్టలేదు.

మీ పెట్టె విషయానికి వస్తే, ముందు అది ఏ రకమో చూడండి. నిలువుగా ఉండి సీసాలు అమ్మే యంత్రాల్లో చాలావాటికి కంప్రెసర్, కండెన్సర్, ఫ్యాను, లోపలి కూలింగ్ కాయిల్ అన్నీ కలిసి ఒకే ముక్కగా బోల్టులు విప్పితే వచ్చేస్తాయి. మా తొట్టి పెట్టె అలాంటిది కాదు. కాయిల్‌ను తొట్టికే చుట్టి టంకం పెట్టి ఉంటారు. రాగిగొట్టం కోస్తే తప్ప యూనిట్ బయటికి రాదు. మీదీ అలాంటిదైతే ఉన్నచోటనే శుభ్రం చేయండి. దయచేసి గొట్టం కోయించవద్దు. కోస్తే ఉన్న గ్యాసు పోతుంది, మళ్లీ అదే దొరకడం కష్టం. ఓజోన్ పొరను కాపాడటానికి చేసుకున్న మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మనలాంటి దేశాలు 2010 నాటికి ఆర్-12 వంటి గ్యాసుల తయారీ ఆపేయాలి, ఆపేశాయి. "దానిదేముంది, 134 ఎక్కిస్తా" అంటూ దాని బదులు ఆర్-134ఎ గ్యాసు నింపే మెకానిక్ దొరుకుతాడు. ఆ కొత్త గ్యాసుకు పాత కంప్రెసర్‌లోని ఖనిజ నూనెతో పొత్తు కుదరదు. నూనె కంప్రెసర్‌కు తిరిగి రాక గొట్టాల్లో నిలిచిపోతుంది. గ్యాసు నిండుగా ఉండి నడుస్తున్న యంత్రాన్ని చేతులారా ఆ గొడవలోకి దించడం ఎందుకు? యూనిట్ ఒకే ముక్కగా వచ్చేదైనా, ఇద్దరు పట్టుకుని నిటారుగానే దించండి. గొట్టాలను పిడిలా పట్టుకోవద్దు.

తుడవడానికి ముందు ఒకసారి తీరిగ్గా చూడండి. దుమ్ము అంతటా పొడిగా ఉండి ఏదో ఒక అతుకు దగ్గర మాత్రం నల్లగా, జిడ్డుగా ముద్దకట్టి ఉంటే అక్కడ గ్యాసు కారుతున్నట్టే. గ్యాసుతోపాటు నూనె కూడా వస్తుంది కదా! ఆ గుర్తు తుడిచేస్తే మళ్లీ దొరకదు. అక్కడ సబ్బు నురగ పెట్టి బుడగలు వస్తాయేమో చూడాలి.

తర్వాత ప్లగ్గు పీకి పొడి దుమ్ము సంగతి చూడండి. మెత్తని కుంచెను రెక్కల వెంట నిలువుగా లాగాలి, అడ్డంగా రుద్దితే రెక్కలు వంగుతాయి. ఫ్యాను గాలి ఏ వైపు నుంచి వస్తుందో దానికి ఎదురు వైపు నుంచి గాలి కొట్టండి. కార్లు కడిగే చోటికి తీసుకెళ్లి నీళ్ల పిచికారీ పట్టించవద్దు. రెక్కలు చాపలా ముడుచుకుంటాయి, మోటారులోకి నీళ్లు పోతాయి. సబ్బునీళ్లు చల్లి, పది నిమిషాలు నానబెట్టి, మగ్గుతో పోస్తే చాలు. బోరు నీళ్లు ఆరాక తెల్లగా ఉప్పు తేలుతుంది, చివరి మగ్గు మంచినీళ్లది పోయండి. కంప్రెసర్ మీది జిడ్డుకు గుడ్డతో కిరోసిన్ సరిపోతుంది, కానీ వాసన పూర్తిగా పోయేదాకా కరెంటు ఇవ్వవద్దు. రిలేలో నిప్పురవ్వ పుడుతుంది.

రాగిగొట్టాల మీది పచ్చటి చిలుమును చెంబు తోమినట్టు చింతపండుతో తోమవద్దు. పులుపు అతుకుల్లో నిలిచిపోతుంది. తడిగుడ్డ చాలు. గ్యాసును కూలింగ్ కాయిల్‌లోకి కొద్దికొద్దిగా వదిలే, అగ్గిపుల్ల మందాన ఉండే కేపిలరీ గొట్టం దగ్గర అసలు చేతులు ఆడించవద్దు.

ఇక రంగు. చట్రం, కాళ్లు, కంప్రెసర్ డబ్బా మీద తుప్పును ఇనుప బ్రష్‌తో వదిలించి, 120, ఆ తర్వాత 220 నంబరు ఉప్పుకాగితంతో రుద్దండి. పాత రంగును పొడిగా రుద్దవద్దు, తడిపి రుద్దండి. మన దేశంలో ఇంటి రంగుల్లో విషపూరితమైన సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులోనే అమలుకు వచ్చింది. మీ పెట్టె రంగు అంతకన్నా చాలా పాతది. రుద్దిన వెంటనే తుడిచి ఆరబెట్టి, రెడ్ ఆక్సైడ్ ప్రైమరు ఒక పూత, దానిపై పలుచగా రెండు పూతల నలుపు. పేరుపలక, టెర్మినల్ మూత, వాల్వు మరలు, ఫ్యాను మోటారు గాలి రంధ్రాలు కాగితంతో కప్పేయండి. ఫ్యాను రెక్కలకు రంగు జోలికి పోవద్దు. ఒక రెక్క బరువెక్కితే అంగడంతా గుర్రుమంటుంది.

కండెన్సర్ రెక్కలు అల్యూమినియంవైతే రంగే వద్దు. ఇనుపవై తుప్పు పట్టి ఉంటే స్ప్రేతో మంచు పట్టినంత పలుచగా, రెండు వైపుల నుంచీ వేయండి. వేశాక ఒక వైపు టార్చి పెట్టి మరో వైపు నుంచి చూడండి. వెలుగు ముందు ఎంత కనబడిందో ఇప్పుడూ అంతే కనబడాలి.

కరెంటు ఇచ్చే ముందు వైర్ల తొడుగు పెళుసుబారిందేమో చూసి, ఉంటే మార్పించండి. ఎర్త్ వైరును రంగు గీకేసిన ఇనుము మీదే బిగించాలి, కొత్త రంగు మీద బిగిస్తే లేనట్టే. పేరుపలక మీద గ్యాసు పేరు, యూనిట్ ఒకే ముక్కగా ఉందా లేదా అన్నవి చూసి ఇక్కడే రాయండి. విప్పే వరుస ఆ తర్వాత చెబుతాను.