మనాలి టూర్‌లో ఊలు కొనొచ్చా?

ప్రశ్న: దసరా సెలవులకి అందరం మనాలి వెళ్తున్నామండీ, ఐదేళ్ల మనవడికి స్వెటర్ అల్లాలని ఉంది, ఊలు అక్కడే కొనుక్కోనా? సూదులు ఫ్లైట్‌లో పట్టుకెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: శుభ్రంగా కొనుక్కోండి, కాకపోతే మాల్ రోడ్‌లో ప్యూర్ ఊల్ అని ఇచ్చేదాంట్లో అక్రిలిక్ అనే కృత్రిమ దారం కూడా ఉంటుంది కాబట్టి చిన్న పోగు తెచ్చుకుని రూమ్‌లో కాల్చి చూడండి, అసలు ఊలైతే జుట్టు కాలిన వాసనొచ్చి బూడిదవుతుంది, అక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా అయిపోద్ది. ఐదేళ్ల పిల్లాడికి మామూలు మందం ఊలు 250 గ్రాములు దాకా పడుతుంది, అంతా ఒక్కసారే తీసుకోండి, లేబుల్ మీద డై లాట్ నంబర్, అంటే ఒకే విడతలో రంగేసిన ఊలుకి ఇచ్చే నంబర్, ఒకటే ఉండాలి. నేనోసారి రెండు లాట్లు కలిపేసి ఒక చెయ్యి ఒక రంగు, ఇంకో చెయ్యి ఇంకో రంగు అల్లాను, మావారు ఇప్పటికీ నవ్వుతారు! సూదులు మాత్రం చెకిన్ బ్యాగ్‌లో పడెయ్యండి, సెక్యూరిటీ దగ్గర గొడవెందుకు. బస్సులో అల్లుకోవడానికి సర్క్యులర్ సూది (రెండు పొట్టి సూదుల్ని మెత్తటి తీగతో కలిపినది) హాయి, పక్కవాళ్లకి గుచ్చుకోదు. అన్నట్టు మన విజయవాడ చలికి అచ్చమైన ఊలు ఎక్కువే, పిల్లాడు ఇక్కడే వేసుకోవాలంటే కాటన్ దారం చూడండి.