ఫోర్డ్ ఎకోస్పోర్ట్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవచ్చా? కంపెనీయే వెళ్ళిపోయింది కదా?

మీరు అడిగింది 2017 డీజిల్ బండి గురించి. ఎనభై వేల కిలోమీటర్లు తిరిగింది, రేటు బాగుంది, కానీ ఫోర్డ్ వాళ్ళు మన దేశంలో అమ్మకం ఆపేశారు కాబట్టి రేపు సామాను దొరకదేమోనని మీ టెన్షన్. తీసుకోండి. అయితే మీరు భయపడాల్సింది ఇంకోదానికి. అది చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

మాది కావలి. రొయ్యల మేత అమ్మే పని నాది. అల్లూరు వైపు, తుమ్మలపెంట వైపు చెరువు గట్ల మీద రోజూ తిరగాలి. 2022 ఎండాకాలంలో ఒంగోలులో ఒక బ్యాంకు ఉద్యోగి దగ్గర 2016 డీజిల్ ఎకోస్పోర్ట్ తీసుకున్నాను. నాలుగు లక్షల తొంభై వేలు. అప్పటికి డెబ్బై రెండు వేలు తిరిగింది, ఇప్పుడు లక్షా నలభై దాటింది. కొన్న రోజు మా పెదనాన్న గేటు దగ్గరే నిలబడి "కంపెనీ లేని బండి తెచ్చావా? మారుతి తీసుకుని ఉంటే కళ్ళు మూసుకుని అమ్ముకోవచ్చు" అన్నారు. బండి కొనేది తిరగడానికి కాదు, అమ్మడానికే అన్నట్టుంటుంది మా ఇళ్ళల్లో మాట. పెళ్ళి సంబంధం చూసేటప్పుడు కూడా ఇన్ని ప్రశ్నలు అడగరు.

ముందు మీ సామాను సంగతి. ఈ బండి మన దగ్గరికి 2013 జూన్‌లో వచ్చింది. తయారైంది చెన్నై పక్కన మరైమలై నగర్‌లో, అంటే నెల్లూరు నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి చేరగల దూరంలో. 2021 సెప్టెంబర్ 9న ఇక్కడ తయారీ ఆపేస్తున్నామని ఫోర్డ్ ప్రకటించింది. ఆ తర్వాత ఎగుమతి ఆర్డర్ల కోసం కొన్నాళ్ళు చేశారు, చివరి ఎకోస్పోర్ట్ 2022 జూలైలో బయటికొచ్చింది. దాదాపు ఎనిమిదేళ్ళు అమ్మిన బండి. రోడ్ల మీద ఇన్ని తిరుగుతుంటే సామాను అమ్మేవాడు ఎక్కడికి పోతాడు? పైగా ఆ 1.5 లీటర్ల డీజిల్ ఇంజనే ఫిగోలో, యాస్పైర్‌లో, ఫ్రీస్టయిల్‌లో కూడా ఉంది. ఫిల్టర్లు, బెల్టులు, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ సెట్టు, ఏదీ నాకు రెండు రోజులకు మించి ఆలస్యం కాలేదు. చెన్నైలో సాయంత్రం బస్సుకి వేయిస్తే పొద్దునకల్లా కావలిలో దించుకుంటాం.

ఇబ్బందల్లా బాడీ సామానుతోనే. మా ట్రంకు రోడ్డులో టీకి ఆగినప్పుడు ఒక ఆటోవాడు వెనక లైటు పగలగొట్టి పోయాడు. దానికి ఇరవై రెండు రోజులు పట్టింది. ఆ లైటులో ఏముందంటారా, ఈ బండికి డిక్కీ తెరిచే పిడి అందులోనే కలిసిపోయి ఉంటుంది. తలుపు పైకి లేవదు, పక్కకి తెరుచుకుంటుంది, స్టెప్నీ దానికే వేలాడుతుంటుంది. లైటు పోతే డిక్కీ కూడా పోయినట్టే. మూడు వారాలు మేత బస్తాలు వెనక సీటు మీద నుంచి ఎక్కించాను. కాబట్టి చూసేటప్పుడు లైట్లు, అద్దాలు, బంపర్లు, ఆ వెనక తలుపు కీళ్ళు బాగున్నాయో లేదో ఇంజను చూసినంత శ్రద్ధగా చూడండి. స్టెప్నీ బరువుకి తలుపు కిందికి జారి ఉంటే తెరిచి వేసేటప్పుడు చేతికి తెలిసిపోతుంది.

2024లో ఫోర్డ్ వాళ్ళు చెన్నై ప్లాంటును మళ్ళీ వాడతామని తమిళనాడు ప్రభుత్వానికి లేఖ ఇచ్చారు. అది చూపించి "కంపెనీ తిరిగి వస్తోంది సార్" అని యాభై వేలు ఎక్కువ చెప్పే బ్రోకర్లు ఉన్నారు. ఆ లేఖ ఎగుమతుల గురించి. మీ బండికీ దానికీ ఏ సంబంధమూ లేదు.

ఇక అసలు విషయం. ఈ బండి ఏ నీళ్ళలో నిలబడిందో చూడాలి.

2024 ఫిబ్రవరిలో మా బావమరిది ఫోన్ చేశాడు. నా బండి తోలి తోలి వాడికీ మోజు పుట్టింది. "బావా, నెల్లూరు మినీ బైపాస్‌లో ఒకటి ఉంది, నీలం రంగు, 2018 ది, నువ్వు వచ్చి ఊ అంటే అడ్వాన్స్ ఇచ్చేస్తా" అన్నాడు. పోయాను. బండి అద్దంలా మెరుస్తోంది. కొత్త సీటు కవర్లు, కొత్త మ్యాట్లు, లోపల మల్లెపూల సెంటు గుప్పుమంటోంది. తమిళనాడు నంబరు. బ్రోకరు నా వయసువాడే. "డాక్టర్ గారి బండి అన్నా, సింగిల్ హ్యాండ్, ఆసుపత్రికీ ఇంటికీ తప్ప తిరగలేదు" అన్నాడు. మన దగ్గర సెకండ్ హ్యాండ్ బండ్లన్నీ డాక్టర్లవే ఎందుకవుతాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మేస్త్రీలు, కాంట్రాక్టర్లు, మాలాగా మేత అమ్మేవాళ్ళు బండ్లు ఎవరికి అమ్ముతారో మరి.

స్టార్ట్ చేశాం, శబ్దం బాగుంది. గేర్లు మెత్తగా పడుతున్నాయి. బావమరిది అప్పటికే స్టీరింగ్ మీద చెయ్యేసి ఫోటో తీయించుకుంటున్నాడు. నేను పక్క సీట్లో కూర్చుని ఏసీ ఆపి, గాలి పూర్తిగా పెట్టి, నాబ్ ఎర్ర వైపు చివరికంటా తిప్పాను. నెల్లూరులో హీటర్ వేసేవాణ్ణి చూసి బ్రోకరు నవ్వాడు. "ఏందన్నా, చలేస్తోందా?" అన్నాడు. అద్దాలు ఎక్కించి పది నిమిషాలు కూర్చున్నాం. చొక్కాలు తడిసిపోయాయి. ఐదో నిమిషానికి మల్లెపూలు వెనక్కి పోయాయి, కింద నుంచి ఇంకో వాసన లేచింది.

ఆ వాసన నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పట్టుబడి అయ్యాక, అంటే రొయ్యలు పట్టేశాక, చెరువులో నీళ్ళు తీసేసి వారం రోజులు ఎండబెడతారు చూడండి, పైన పెళ్ళ కట్టి కింద ఇంకా తడి ఉన్న నల్ల బురద, దాన్ని కాలితో పెళ్ళగిస్తే వచ్చే వాసన. కార్లో ఆ వాసన ఉండటానికి వీల్లేదు.

డ్రైవర్ సీటు బెల్టు పట్టుకుని లాగాను. మామూలుగా మనం భుజం దాటించేంతే లాగుతాం. నేను చివరి అంగుళం వచ్చి ఆగేదాకా లాగాను. పైనంతా నల్లగా, శుభ్రంగా ఉంది. చివర జానెడు మేర టీ పొడి రంగులో చార, దాని మీద వేలితో రాస్తే మెత్తటి మట్టి వేలికి అంటింది. సీటు కవర్లు మార్చొచ్చు, మ్యాట్లు మార్చొచ్చు, బెల్టు చుట్టలో ఎవరూ చెయ్యి పెట్టరు. వేలు బావమరిదికి చూపించాను. వాడు "దుమ్మేమో బావా" అన్నాడు. రంగు మీద మనసు పడ్డవాడికి బురద కూడా దుమ్ములాగే కనిపిస్తుంది.

ఇన్సూరెన్స్ కాగితం అడిగాను. క్లెయిమ్ చేయకుండా ఉంటే నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో తగ్గింపు, ఏటా పెరుగుతూ యాభై శాతం దాకా పోతుంది. ఆసుపత్రికీ ఇంటికీ తిరిగిన ఆరేళ్ళ బండికి ఆ గడిలో సున్నా ఉంది. రెండు నెలల కిందట, 2023 డిసెంబర్‌లో, మిచాంగ్ తుఫానుకి చెన్నై మునిగింది. నేనింకేమీ అడగలేదు. బ్రోకరు మాత్రం "ఏసీ ఫిల్టర్ మారిస్తే వాసన పోతుంది అన్నా" అని రోడ్డు దాకా వచ్చి చెప్పాడు. బావమరిది మాతో నెల రోజులు సరిగా మాట్లాడలేదు. మా ఆవిడ కూడా వాడి పక్షమే. "నువ్వు ఏ బండికైనా ఏదో ఒకటి పెడతావు" అంది.

ఈ ప్రచారం ఒకటి గుర్తుంచుకోండి. ఎకోస్పోర్ట్ 550 మిల్లీమీటర్ల నీళ్ళలో పోగలదని చెప్పేవారు. ఆ అంకె విన్న ప్రతివాడూ తన బండి పడవ అనుకున్నాడు. 550 అంటే ఎంత? పదహారు అంగుళాల రిమ్ము ఉన్న ఆ టైరు పైభాగం ఇంకా నాలుగు వేళ్ళు నీళ్ళ పైన కనిపించాలి. అది కూడా నెమ్మదిగా దాటేటప్పుడు, నిలబెట్టడానికి కాదు. మామూలు కార్లకు నీళ్ళు పోయిందీ లేనిదీ చూడటానికి డిక్కీలో స్టెప్నీ ఎత్తి ఆ గుంట చూస్తారు. దీనికి స్టెప్నీ బయట ఉంది కాబట్టి చాలామంది అక్కడితో వదిలేస్తారు. మీరు డిక్కీ మ్యాటు లేపండి, ముందు సీటు పట్టాల కింద బోల్టులు చూడండి, తుప్పు ఉంటే అది చెమటకు పట్టింది కాదు.

చెన్నై బండ్లే అనుకోకండి. 2021 నవంబర్‌లో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయినప్పుడు నెల్లూరు, కోవూరు వీధుల్లో నిలబడ్డ బండ్లు కూడా ఇప్పుడు మన మధ్యే తిరుగుతున్నాయి. వాటికి ఏపీ నంబరే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు.

అసలు వరద కంటే మా రొయ్యల బండ్లు ఇంకా ప్రమాదం, నేనే చెబుతున్నాను. వరద నీళ్ళు ఒకసారి వచ్చి పోతాయి, ఉప్పు నీళ్ళు రోజూ తగులుతాయి. చెరువు గట్టు మీద బురద కింద పట్టి ఎండుతుంది, ఇంటికొచ్చి కడుగుదామంటే మా బోరు నీళ్ళూ ఉప్పే. కడిగినా నష్టమే, కడగకపోయినా నష్టమే. నా బైకు సైలెన్సర్ మూడేళ్ళకు జల్లెడ అయింది. అందుకే కారు మాత్రం వారానికోసారి హైవే పక్కన మంచినీళ్ళతో కడిగే చోట కింద నుంచి కొట్టిస్తాను, మూడొందలు పోయినా సరే. సముద్రం వైపు మండలాల్లో తిరిగిన బండి అయితే తప్పకుండా లిఫ్ట్ ఎక్కించి చూడండి. బ్రేకు పైపుల క్లిప్పులు, స్ప్రింగుల అడుగు భాగం, సైలెన్సర్ అతుకులు, తలుపుల కింది అంచులు, స్టెప్నీ బ్రాకెట్ బోల్టులు. పైన ఎంత పాలిష్ పెట్టినా కింద ఎర్రగా పొరలు లేస్తుంటే అక్కడి నుంచే వెనక్కి రండి. చీమకుర్తి వైపు బండి అయితే ఇంకో రకం. గ్రానైటు దుమ్ముకి ఎయిర్ ఫిల్టర్ ఎన్నిసార్లు మార్చారో బిల్లులు అడగాలి.

ఇంజన్ల విషయంలో నా మాట మొండిగానే ఉంటుంది. డీజిల్ మాన్యువల్ తీసుకోండి. టైమింగ్ బెల్టు మార్చిన బిల్లు ఉంటే మంచిది, లేకపోతే కొన్న వారంలోనే మార్పించి ఆ డబ్బు రేటులో తగ్గించుకోండి. మీ తిరుగుడు తక్కువైతే 2017 నవంబర్‌లో వచ్చిన కొత్త మొహం బండిలో మూడు సిలిండర్ల 1.5 పెట్రోల్ కూడా బాగుంటుంది. దాంట్లో ఆటోమేటిక్ కావాలంటే తీసుకోవచ్చు. దానికి ముందు పెట్రోల్‌లో వచ్చిన డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ మాత్రం వద్దు, చేయి తిరిగిన మెకానిక్ మన జిల్లాలో నాకు కనపడలేదు. ఒక లీటరు ఎకోబూస్ట్, అంటే చిన్న టర్బో పెట్రోల్ ఇంజను బండి, తోలితే ఒళ్ళు పులకరిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ దాని టైమింగ్ బెల్టు ఇంజన్ ఆయిల్‌లోనే తిరుగుతుంది, ఆయిల్ ఏది పడితే అది పోసినవాడి దగ్గర కొంటే మీ గతి అంతే.

తమిళనాడు బండి చవగ్గా వస్తుందని మాత్రం పోకండి. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి, పన్నెండు నెలల్లో నంబరు మార్చుకోవాలి. లోను ఉన్న బండి అయితే ఫారం 35 (లోను తీరిందని ఆర్‌సీలో బ్యాంకు పేరు తీయించే కాగితం) మీద బ్యాంకు సంతకం అయ్యాకే మిగతా డబ్బు ఇవ్వండి. మధ్యలో వెంకటాచలం, బూదనం, సూళ్ళూరుపేట టోల్ గేట్ల దగ్గర మీరు కట్టేది వేరే. ఇవన్నీ కలిపితే ఆ చవక ఏమీ మిగలదు. ఇంకోటి, మీది 2017 కాబట్టి ఆర్‌సీ 2032 దాకా ఉంటుంది. 2013, 2014 బండ్లు చూపిస్తే పదిహేనేళ్ళ రెన్యూవల్ దగ్గరపడిందని గుర్తుపెట్టుకుని బేరం చేయండి.

మా బావమరిది చివరికి గూడూరులో ఒక నిమ్మకాయల వ్యాపారి దగ్గర 2017 డీజిల్ తీసుకున్నాడు. తెల్లది. సీట్ల కింద నిమ్మ ఆకులు దొరికాయి, అంతకు మించి ఏమీ లేదు. ఇప్పటికీ ఎక్కడైనా నీలం ఎకోస్పోర్ట్ కనిపిస్తే నా వైపు చూస్తాడు.

మీరు నెల్లూరు చుట్టుపక్కలే చూస్తుంటే ఆదివారం మాత్రం వెళ్ళకండి. షెడ్లు మూసి ఉంటాయి, లిఫ్ట్ దొరకదు, బ్రోకర్ "కింద అంతా బాగుంది సార్" అంటాడు, మీరు వంగి చూసి సరే అంటారు. మామూలు రోజు పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు వెళ్ళండి. మీరు వచ్చేసరికి ముందే స్టార్ట్ చేసి ఉంచితే, ఆపించి చల్లారేదాకా అక్కడే కూర్చోండి. హీటర్ వేస్తే నవ్వుతారు, నవ్వనివ్వండి.