కాలువ గట్ల మీద మౌంటెన్ బైక్ తొక్కేవారు క్లిప్‌లెస్ పెడల్స్‌కు మారవచ్చా?

మారవచ్చు, కానీ వానాకాలంలో మొదలుపెట్టకండి. క్లిప్‌లెస్ అంటే పాదాన్ని పట్టి ఉంచే పెడల్: షూ అడుగున బిగించే చిన్న లోహపు ముక్క (క్లీట్) పెడల్‌లోని స్ప్రింగు కొక్కేనికి పట్టుకుంటుంది. మడమను బయటికి తిప్పితే విడుతుంది. ఆ తిప్పడం ఆలోచించకుండా జరిగేంత వరకు గోడ పట్టుకుని రెండు కాళ్లతోనూ సాధన చేయాలి. కాలు తీయవలసింది బైక్ ఆగాక కాదు, ఆగబోయే ముందు. ఒక పక్క నీళ్లు, మరో పక్క వరిచేను ఉన్న సన్నని గట్టు మీద మిమ్మల్ని కాపాడేది ఈ అలవాటే.

క్లీట్‌ను రెండు మరలతో బిగించే, షిమానో కంపెనీ వారి ఎస్‌పీడీ రకం తీసుకోండి. క్లీట్ షూ అడుగులోకి ఒదిగి ఉంటుంది కాబట్టి రేవు దగ్గర దిగి హాయిగా నడవవచ్చు. షిమానో క్లీట్లలో కొత్తవారికి ఎస్‌హెచ్56 నయం, ఎస్‌హెచ్51 కంటే ఎక్కువ దిశల్లో విడుతుంది. పెడల్ మీది చిన్న మరతో స్ప్రింగు బిగువును బాగా తగ్గించుకోండి.

అసలు చిక్కంతా మన డెల్టా బంకమట్టితోనే. తడి మట్టి క్లీట్‌లో కూరుకుపోతే పాదం పెడల్‌కు పట్టదు. నాలుగు వైపులా పట్టే క్రాంక్‌బ్రదర్స్ కంపెనీ ఎగ్‌బీటర్ పెడల్స్ వంటివి బురదను బాగా వదిలించుకుంటాయి. అయినా సార్వా నాట్ల రోజుల్లో గట్ల మీదకు మామూలు చదును పెడల్సే మేలని నా గట్టి అభిప్రాయం. మారేడుమిల్లి ఘాట్ ఎక్కడానికైతే మాత్రం క్లిప్‌లెస్సే వేసుకోండి.