తాతగారి డెస్కుకి పింక్ పెయింటా?

ప్రశ్న: తెనాలిలో మా తాతగారి ఇల్లు అమ్మేస్తూ, ఆయన చిన్నప్పుడు చదువుకున్న టేకు డెస్కు, కుర్చీ తెచ్చుకున్నాం. డెస్కుకి ఏటవాలు మూత, పైన సిరాబుడ్డికి గుండ్రటి బెజ్జం. పాలిష్ మసకబారింది. కుర్చీకి ఎవరో ఎప్పుడో ఆకుపచ్చ పెయింట్ వేశారు, పెచ్చులూడుతోంది. కార్పెంటరేమో చిత్రిక పట్టి కొత్తదాన్ని చేస్తానంటున్నాడు, ఆరేళ్ల మా పాప పింక్ కావాలంటోంది. ఏం చేయమంటారు?

– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: చిత్రిక మాత్రం పట్టించకండి. ఇన్నేళ్ల చేతి రాపిడికి తేలిన ఆ రంగు, తాతగారు గీసిన గాట్లు ఒక్క పూటలో పొట్టులో కలిసిపోతాయి.

ముందు కుర్చీ సంగతి చూడాలి, టెన్షన్ అక్కడే. పాత పెయింట్లలో సీసం ఉండేది. ఇళ్లకి వాడే పెయింట్లలో అది 90 పీపీఎం (అంటే పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నిబంధన మన దగ్గర అమల్లోకి వచ్చిందే 2017 నవంబరులో. కాబట్టి ఆ ఆకుపచ్చలో సీసం ఉందనే అనుకోండి. పొడిగా గీకొద్దు, మంట పెట్టి కాల్చొద్దు. పాప ఇంట్లో లేనప్పుడు ఆరుబయట పాత పేపర్లు పరిచి, మాస్కు పెట్టుకుని, వాటర్‌ప్రూఫ్ ఉప్పుకాగితంతో నీళ్లు చల్లుతూ రుద్దించి, ఆ ముద్దని పేపర్లతో సహా చుట్టి పారేయించండి.

డెస్కుకి అంత హైరానా అక్కర్లేదు. దూదిని స్పిరిట్‌లో ముంచి మూత అడుగున, కనపడని చోట రుద్దండి. జిగటగా అయి దూదికి గోధుమరంగు అంటితే అది లక్క పాలిష్. దుమ్ము తుడిచి దాని మీదే మళ్లీ లక్క పాలిష్ వేయించుకోవచ్చు, మొత్తం ఊడదీయక్కర్లేదు. (వేడి పాలగ్లాసు పెడితే తెల్లటి మచ్చ పడుతుంది, అది మాత్రం చెప్పాలి పాపకి.) టేకు చేవకి పురుగు అంత తేలిగ్గా పట్టదు గానీ అంచుల్లో తెల్లచెక్క ఉంటే పడుతుంది. రాత్రి అడుగున నల్ల కాగితం పరిచి, తెల్లారి పిండి రాలిందేమో చూడండి.

తర్వాత కొలతలు. 115 సెంటీమీటర్ల పిల్లకి కుర్చీ 31, బల్ల 53 సెంటీమీటర్ల ఎత్తుంటే సరిపోతుంది. ఎక్కువుంటే కాళ్లు కోయించేస్తారేమో, వద్దు, పాదాల కింద పీట వేయండి. మూత చటుక్కున వేళ్ల మీద పడకుండా మడతబందుల పక్కన ఒక స్టే (తెరిచిన మూతని ఆపి పట్టుకునే పట్టీ) బిగించమనండి, దీనికి మాత్రం బేరమాడొద్దు.

పింక్ అంటారా, ఎలాగూ పెయింట్ పోతున్న ఆ కుర్చీకి వేసుకోనివ్వండి. సిరాబుడ్డి బెజ్జంలో చిన్న స్టీలు గ్లాసు దిగుతుందేమో చూడండి, పెన్సిళ్లకి.