అమెరికా రాష్ట్రాల క్యాన్సర్ నివారణ చట్టాలను రీసెర్చ్ కోసం ఎలా ట్రాక్ చేయాలి?

థీసిస్ కోసం 50 రాష్ట్రాల చట్టాలు ఏ ఏడాది వచ్చాయో షీటులో పెట్టాలి, ఎక్కడ మొదలుపెట్టను అని మీరు అడిగారు. రెండేళ్లు ఇదే పని చేశాను కాబట్టి నేను దెబ్బతిన్న చోటు చెప్తాను.

'చట్టం వచ్చిన ఏడాది' అని ఒకే కాలమ్ పెట్టకండి. 18 ఏళ్ల లోపు వాళ్లకు టానింగ్ బెడ్లను (చర్మం రంగు మార్చుకోవడానికి అతినీలలోహిత కాంతి పడేలా పడుకునే యంత్రాలు, చర్మ క్యాన్సర్ ముప్పు పెంచుతాయి) మొదట నిషేధించిన రాష్ట్రం కాలిఫోర్నియా. గవర్నర్ సంతకం 2011 అక్టోబరులో పడింది, అమలు 2012 జనవరి 1 నుంచి. నేను 2011 అని నింపేశాను. మిగతా రాష్ట్రాలకూ అంతే. విశ్లేషణంతా అయ్యాక మా గైడ్ "అమల్లోనే లేని ఏడాదిలో ప్రభావం ఎలా కనబడిందమ్మా?" అంటే నోట మాట రాలేదు. షీటంతా మళ్లీ మొదటి నుంచి! ఇప్పుడు సంతకం, అమలు, సవరణ లేదా రద్దు, మూడూ విడివిడిగా రాస్తాను.

వార్తలు చూసి అసలు నింపకండి. 2007లో టెక్సాస్ గవర్నర్ రిక్ పెర్రీ ఆరో తరగతి అమ్మాయిలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్‌కు వేసేది) తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. పేపర్లన్నీ రాశాయి. అదే ఏడాది అక్కడి శాసనసభ దాన్ని చెల్లకుండా చేసింది. అదే ఏడాది వర్జీనియా చేసిన చట్టం మాత్రం నిలిచింది. కానీ అందులో తల్లిదండ్రులు వద్దనుకుంటే మానేయొచ్చు. అలాంటి దానికి 'ఉంది' అని 1 వేస్తే సరిపోతుందా? నేనైతే మినహాయింపుకి ఇంకో కాలమ్ పెడతాను.

పొగాకు చట్టాల వరకు సీడీసీ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) వాళ్ల స్టేట్ సిస్టమ్ అనే డేటాబేస్ నాకు చాలా పని తగ్గించింది. అయినా చట్టంలోని సెక్షన్ పాఠం ఒకసారి మీ కళ్లతో చదవండి. బిల్లులు మాత్రమే వెతికితే ప్రజల ఓటుతో వచ్చినవి జారిపోతాయి: కాలిఫోర్నియాలో సిగరెట్ పన్ను ప్యాకెట్‌కు 2 డాలర్లు పెంచిన 2016 నాటి ప్రపోజిషన్ 56 అలాంటిదే.

కోడింగ్, అంటే చట్టం చదివి కాలమ్‌లు నింపడం, ఒక్కరే చేయొద్దు. ఇంకొకరు మీ షీటు చూడకుండా కొన్ని రాష్ట్రాలు నింపాలి, తేడా వచ్చిన చోట కూర్చుని తేల్చుకోవాలి. చదివిన ప్రతి సెక్షన్‌నీ ఆ రోజే పీడీఎఫ్‌గా దాచుకోండి, ఫైల్ పేరులో తేదీతో సహా. సవరణ రాగానే సైట్లో పాత పాఠం కనబడకుండా పోవచ్చు.