జవాబు: కోసిన 36,000 తిరిగొస్తయ్

తమ్మీ, పోయినేడాది సినిమాల్ల చిన్న వేషాలకు 3,60,000 వస్తే 36,000 టీడీఎస్ (పైసలిచ్చేటోళ్లు ముందుగల్లనే పట్టుకునే పన్ను) కోసిండ్రు, అవి పోయినట్టేనా అన్నవ్ గద. పోలే.

ముందు ఇన్‌కం ట్యాక్స్ పోర్టల్‌ల 26ఏఎస్ (నీ పేరు మీద జమైన పన్నుల లెక్క) తీసి చూడు. ఆ 36,000 నీ పాన్ మీద కనబడాలె, లేకుంటే కోసినోళ్ల మేనేజర్‌ను పట్టుకో. సినిమా నటులకు ఇన్‌కం ట్యాక్స్ చట్టంల 44ఏడీఏ సెక్షన్ వర్తిస్తది. వచ్చిన దాంట్ల సగమే ఆదాయమని చూపొచ్చు. హన్మకొండ–హైదరాబాద్ బస్సు టికెట్లు, విగ్గుల రసీదులు దాచే పని లేదు. నీది 1,80,000 అయితది. వేరే సంపాదన లేకుంటే పన్ను సున్నా, గందుకే కోసినయ్ తిరిగొస్తయ్.

నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణంల నాటకమేస్తే కవర్ల పెట్టిచ్చిన పైసలు గూడ చూపియ్యాలె, దాచకు. ఐటీఆర్-4 (రిటర్న్ ఫారం) వేసి, 30 రోజుల్ల ఈ-వెరిఫై చెయ్యి, అంటే ఆ రిటర్న్ నువ్వే వేసినవని ఆన్‌లైన్ల ఖాయం చెయ్యి. మొదటిసారి నేను గదే మర్చిన, రిఫండ్ ఆగింది.